మూడు ఏరియళ్ల మధ్య నడిచిన గాలి

అరకు దారిలో గాలికొండ దగ్గర బండి ఆగితే నేను లోయవైపు తిరిగి నిలబడతాను. వానలు కాస్త వెనకబట్టిన రోజుల్లో మబ్బుల నీడలు కాఫీతోటల మీదుగా ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కుతుంటాయి. ఒక నీడను కంటితో పట్టుకుని, ఈవలి గట్టు దాటినప్పుడు ఒకసారి, ఆవలి గట్టు తాకినప్పుడు ఒకసారి గడియారం చూడండి. రెండు గట్ల మధ్య దూరం 1,200 మీటర్లు, పట్టిన సమయం 150 సెకన్లు అనుకుంటే మబ్బు సెకనుకు 8 మీటర్ల వేగంతో పోతున్నట్టు. పైకి ఎగిరి గాలిని ముట్టుకోలేదు, గాలిలోకి ఏదీ వదలలేదు. అయినా గాలి వేగం తెలిసిపోయింది.

కాకపోతే ఒక చిక్కుంది. ఈవలి గట్టు మీద చెవులపిల్లిలా కనిపించిన నీడ ఆవలి గట్టు చేరేసరికి చెవులు పోగొట్టుకుంటుంది. దారిలో మబ్బు కొంత కరిగింది, కొంత పక్క మబ్బుతో కలిసింది. అది కదిలిందా, మారిందా? రెండూ జరిగాయి. కదలికను, మార్పును విడదీసి ఏది ఎంతో చెప్పగలిగిన పనితనం గురించే ఈ వ్యాసం. ఆ పని ఈ కొండలకు దిగువనే, వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర ప్రయోగశాలలో 1950లలో జరిగింది. వాళ్లు కొలిచిన ప్రవాహం మాత్రం గాలికొండకు ఎన్నో రెట్లు ఎత్తున, నేల నుంచి 100 కిలోమీటర్లు, 300 కిలోమీటర్లు పైన ఉంది.

ముందు నీళ్ల దగ్గర మొదలుపెడదాం. డుంబ్రిగూడ దగ్గర చాపరాయి గెడ్డ పలకరాళ్ల మీద పల్చగా పరుచుకుని పారుతుంది. దాని వేగం తెలియాలంటే ఎవరైనా చేసే పని ఒక అడ్డాకు తుంచి వదలడం. పది మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టుకుంటే, వాటి మధ్య దాటడానికి ఆకుకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడొచ్చు. ఇంజనీర్లూ ఈ పనే చేస్తారు. పైపొర లోపలి నీటికంటే వడిగా పోతుంది కనుక వచ్చిన వేగాన్ని సుమారు 0.85తో హెచ్చించి, కాలవ అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తారు. ఆకు రాతికి తగులుకుంటే కొలత పోతుంది. గొట్టంలో పారే నీటికైతే ఆకు వదిలే వీలే లేదు. 1923లో అమెరికాలో ఛార్లెస్ అలెన్, ఎడ్విన్ టేలర్ అనే ఇంజనీర్లు జలవిద్యుత్ కేంద్రాల గొట్టాల్లోకి ఉప్పునీటి మోతాదును వదిలి, రెండు చోట్ల విద్యుత్ వాహకత పెరిగిన క్షణాలు నమోదు చేసి ఇదే లెక్క కట్టారు. అదీ ఆకే. ఉప్పుతో చేసిన ఆకు.

అసలు ఆకు ఎందుకు? గెడ్డ మీద నురగ ఉంది, సుడులున్నాయి, ముడతలున్నాయి. ప్రవాహం తన గుర్తులు తానే మోసుకుపోతోంది. ఎగువన ఒకచోట నీటి ఒడుదొడుకులను ఒక కాగితం మీద గీతగా గీయించండి. దిగువన ఇంకోచోట అలాగే ఇంకో గీత. రెండోది మొదటిదాన్ని పోలే ఉంటుంది, కాస్త ఆలస్యంగా. ఇప్పుడు రెండో కాగితాన్ని మొదటిదాని మీద పెట్టి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా జరపండి. ఒకచోట ఎత్తు మీద ఎత్తు, పల్లం మీద పల్లం అన్నిటికంటే బాగా కూర్చుంటుంది. అక్కడికి ఎంత జరిపారో అదే ప్రయాణ కాలం. ఆ కూర్చోవడం ఎంత బాగుందో చెప్పే అంకెను సంఖ్యాశాస్త్రంలో సహసంబంధం అంటారు. అచ్చుగుద్దినట్టు కలిస్తే 1, ఏ పోలికా లేకపోతే 0. పద్ధతికి ఆయువుపట్టు ఇంతే. అయితే ఈ ఒక్క వాక్యం నమ్ముకుని కొలతకు దిగినవాడు మూడుచోట్ల బోర్లా పడతాడు. ఆ మూడుచోట్లా పడకుండా నడిచినవాళ్ల జాగ్రత్తే నన్ను ఆకట్టుకుంది.

షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ విన్న తరానికి ఒక అనుభవం గుర్తుండే ఉంటుంది. పాట మధ్యలో అలలా హెచ్చుతుంది, సన్నగిల్లుతుంది, మళ్లీ హెచ్చుతుంది. సెట్టు లోపమేమో అని చెవి మెలేసేవాళ్లం. లోపం సెట్టులో లేదు. ఆ తరంగాలు పైనున్న అయనోస్ఫియర్ అనే విద్యుదావేశిత పొర నుంచి తిరిగివస్తాయి. ఆ పొర నున్నని అద్దం కాదు, గెడ్డ నీళ్లలా గరుకైనది. దాని గరుకుతనం వల్ల నేల మీద రేడియో బలం చోటుచోటుకీ మారే ఒక చిత్రంలా పరుచుకుంటుంది, మబ్బు నీడలు లోయలో పరుచుకున్నట్టే. పైన పొర కదిలితే కింద ఆ చిత్రమూ కదులుతుంది. మన ఏరియల్ మీదుగా దాని వెలుగూ నీడా దాటిపోతుంటే పాట హెచ్చుతుంది, తగ్గుతుంది.

దూరదూరంగా పెట్టిన రిసీవర్లతో ఈ హెచ్చుతగ్గులను రాట్‌క్లిఫ్, పాసీ కేంబ్రిడ్జ్‌లో 1933లోనే పరిశీలించారు. వాటితో పైనున్న గాలుల వేగం కొలవవచ్చని అక్కడే పనిచేసిన భారతీయుడు ఎస్.ఎన్. మిత్ర 1949లో ప్రచురించిన వ్యాసంలో చూపించాడు. ఆ పద్ధతిని అందిపుచ్చుకున్న తొలి ప్రయోగశాలల్లో వాల్తేరు ఒకటి. బి. రామచంద్రరావు, ఎం. శ్రీరామారావు, డి. సత్యనారాయణమూర్తి ఈ పద్ధతితో చేసిన పరిశీలన 1956లో వెలువడింది. రామచంద్రరావు, ఇ. భగీరథరావు కలిసి అయనోస్ఫియర్ ఎఫ్ పొరల అడ్డకదలికల మీద రాసిన వ్యాసం 1959లో జర్నల్ ఆఫ్ అట్మాస్ఫెరిక్ అండ్ టెరెస్ట్రియల్ ఫిజిక్స్‌లో వచ్చింది. ఆ రంగంలోని వ్యాసాల్లో వాల్తేరు పేరు పక్కనే 17°43' ఉత్తరం, 83°18' తూర్పు అని అక్షాంశ రేఖాంశాలు కనిపిస్తాయి. మన ఊరు అలా పటం మీద చుక్కగా ప్రపంచ విజ్ఞానంలోకి వెళ్లింది. చదివినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

పరికరం పెద్దదేమీ కాదు. కొన్ని మెగాహెర్ట్‌జ్‌ల రేడియో స్పందనలను నిట్టనిలువుగా పైకి పంపే ట్రాన్స్‌మిటర్ ఒకటి. తిరిగొచ్చిన ప్రతిధ్వనిని అందుకునే ఏరియళ్లు మూడు. వాటిని ఒక లంబకోణ త్రిభుజం మూలల్లో, సుమారు వంద మీటర్ల ఎడంగా నిలబెట్టడం ఈ పద్ధతిలో వాడుక. మూడింటి బలం ఎలా ఊగుతోందో ఫిల్ము మీద పక్కపక్కనే మూడు గీతలుగా నమోదవుతుంది. పనితనం ఆ తర్వాత మొదలవుతుంది.

మొదటి జాగ్రత్త నేల మీద చిత్రం వేగమే గాలి వేగం అనుకోకపోవడం. రాత్రి ఇంట్లో ఒక దీపం పెట్టి, దీపానికీ గోడకీ సరిగ్గా మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి జరపండి. చెయ్యి ఒక జానెడు జరిగితే నీడ రెండు జానలు జరుగుతుంది. ఇక్కడా అంతే. ట్రాన్స్‌మిటర్ నేల మీద ఉంది, రిసీవర్లూ నేల మీదే ఉన్నాయి, పొర రెండింటికీ సమాన దూరంలో పైన ఉంది. కాబట్టి కింద చిత్రం పైపొరకు రెట్టింపు వేగంతో నడుస్తుంది. చిత్రం వంద మీటర్లు దాటడానికి అర సెకను పడితే దాని వేగం సెకనుకు 200 మీటర్లు. పొర వేగం 100 మీటర్లే. చిన్న విషయమే, కానీ మరిచిపోతే ఫలితం మొత్తం రెండింతలవుతుంది.

రెండో జాగ్రత్త దిక్కు. రెండు ఏరియళ్లతో వాటిని కలిపే గీత వెంట కనిపించే వేగం తెలుస్తుందిగానీ గాలి ఎటు పోతోందో తెలియదు. అందుకే మూడోది. ఇక్కడే కొత్తవాళ్లు తప్పు చేస్తారు. లంబకోణం మూలనున్న ఏరియల్ కంటే తూర్పు ఏరియల్‌కు చిత్రం 0.3 సెకన్లు ఆలస్యంగా చేరింది, ఉత్తరం ఏరియల్‌కు 0.4 సెకన్లు ఆలస్యంగా చేరింది అనుకుందాం. ఎడం రెండువైపులా 100 మీటర్లు. తూర్పుకు వేగం 333, ఉత్తరానికి 250, బళ్లో నేర్చుకున్న పైథాగరస్ సూత్రంతో కలిపితే 416 అని రాసేయబుద్ధేస్తుంది. తప్పు. అల ఒడ్డును ఏటవాలుగా తాకితే నురగ అంచు ఒడ్డు వెంట అలకంటే వడిగా పరిగెడుతుంది. తిన్నగా ఎదురొస్తే ఒడ్డంతా ఒక్కసారే తడుస్తుంది, అంటే ఒడ్డు వెంట వేగం అనంతం. కాబట్టి కలపవలసింది వేగాలను కాదు, ఆలస్యాలను. అదే పైథాగరస్ సూత్రంతో 0.3, 0.4 కలిస్తే 0.5. వంద మీటర్లకు అర సెకను, అంటే చిత్రం వేగం సెకనుకు 200 మీటర్లు. సరైన జవాబు 200, తొందరపాటు జవాబు 416. లంబకోణ త్రిభుజంలో ఇంత ఉచ్చు దాగి ఉంది.

ఇక మూడోది, అన్నిటికంటే లోతైనది. మబ్బు నీడ చెవులు పోగొట్టుకున్న సంగతి. చిత్రం నడుస్తూనే మారిపోతుంటే రెండు కాగితాలు ఎక్కడ జరిపినా పూర్తిగా కూర్చోవు. అత్యధిక సహసంబంధం 1 కాదు, ఏ 0.7 దగ్గరో ఆగిపోతుంది. అంతటితో పోతే బాగుండును. పోలిక కాలంతోపాటు చెరిగిపోతోంది కనుక, ఆలస్యంగా కలవవలసిన పోలికకు అరుగుదల ఎక్కువ, ముందుగా కలిసిన పోలికకు తక్కువ. దాంతో శిఖరం ముందుకు, సున్న ఆలస్యం వైపు లాగబడుతుంది. ఆలస్యం తక్కువగా కనిపిస్తే వేగం ఎక్కువగా కనిపిస్తుంది. అంటే ఈ దోషం అటూ ఇటూ ఊగేది కాదు, ఎప్పుడూ ఒకవైపే మోసం చేస్తుంది. ఎన్ని వందల కొలతలు తీసి సగటు కట్టినా పోదు.

దీనికి విరుగుడు 1950లో బ్రిగ్స్, ఫిలిప్స్, షిన్ అనే ముగ్గురు కేంబ్రిడ్జ్ పరిశోధకులు చెప్పారు. ఆ తర్వాత దీనికి పూర్తి సహసంబంధ విశ్లేషణ అని పేరు స్థిరపడింది. నాకు తెలిసిన అందమైన లెక్కల్లో ఇదొకటి. రెండు ఏరియళ్ల గీతలను జరపకుండా, ఒకే క్షణంలో ఎంత పోలి ఉన్నాయో చూడు. ఒక అంకె వస్తుంది. ఇప్పుడు ఒకే ఏరియల్ గీతను దాని మీదే పెట్టి జరుపుతూ పో. పోలిక తగ్గుతూ తగ్గుతూ ఎంత సేపటికి అదే అంకెకు దిగుతుందో చూడు. అక్కడ దూరం పోలికను ఎంత చెరిపిందో, ఇక్కడ కాలం అంతే చెరిపింది. ఆ దూరాన్ని ఆ కాలంతో భాగిస్తే ఇంకో వేగం వస్తుంది. ఇందులో కదలిక, మార్పు రెండూ కలగలిసి ఉంటాయి. దాని వర్గాన్ని మొదటి పద్ధతిలో వచ్చిన వేగంతో భాగిస్తే, మార్పు వడకట్టబడి అసలు కదలిక మిగులుతుంది.

అంకెల్లో పెడతాను, ఒకే గీత వెంట గాలి నడిచే సులువైన సందర్భం తీసుకుని. ఎడం 100 మీటర్లు. శిఖరం 0.4 సెకన్ల దగ్గర వచ్చింది, పైకి కనిపించే వేగం 250. జరపకుండా చూసిన పోలిక అంకెకు ఒంటరి గీత 0.5 సెకన్లలో దిగింది, అంటే రెండో వేగం 200. 200 వర్గాన్ని 250తో భాగిస్తే 160. చిత్రం అసలు వేగం అది. దాన్ని దీపం లెక్క ప్రకారం సగం చేస్తే పొర వేగం సెకనుకు 80 మీటర్లు. ఈ సవరణ చేయనివాడు 125 అని రాసుకుని నిశ్చింతగా నిద్రపోయేవాడు. కొత్త పరికరమేదీ కొనకుండా, అవే మూడు గీతల్లోంచి తప్పును బయటికి లాగి దాని కొలత కూడా చెప్పించారు. ఫిలిప్స్, స్పెన్సర్ 1955లో దీన్ని ఇంకా పొడిగించి, చిత్రం గుండ్రంగా కాక ఒకవైపు సాగదీసినట్టున్నా సరిపోయేలా చేశారు.

చెప్పడానికి నాలుగు వాక్యాలు, చేయడానికి నాలుగు రోజులు. మూడు నిమిషాల ఫిల్ము మీద అర సెకనుకొక బిందువు చదివితే గీతకు 360 అంకెలు. ఒక్కో జరుపుకూ సుమారు 360 హెచ్చవేతలు. ఇరవై జరుపులకు 7,200. ఏరియళ్ల జతలు మూడు కాబట్టి 21,600. ఇది ఒక్క మూడు నిమిషాల నమోదుకు! కంప్యూటర్ లేని రోజుల్లో ఇంత చాకిరీ రోజువారీగా సాగేది కాదు. అందుకే మిత్ర చూపిన సులువు దారి చాలాకాలం వాడుకలో ఉంది. మూడు గీతల్లోనూ ఒకేలా కనిపించే ఎత్తుపల్లాలను కంటితో ఏరి, వాటి మధ్య ఆలస్యాలను స్కేలుతో కొలిచి, సగటు కట్టడం. ఇందులో మనిషి కన్నే సహసంబంధ యంత్రం. ఏ రెండు మిట్టలు ఒకటేనో, ఏవి పోలినట్టు కనిపించి మోసం చేస్తున్నాయో నిర్ణయించే చూపు పుస్తకంలో నేర్చుకునేది కాదు. వందల ఫిల్ములు చూసిన కంటికి అబ్బేది. కంసాలి బంగారాన్ని గీటురాయి మీద చూసే చూపు లాంటిది.

లెక్క భారం తగ్గించడానికి ఇంకో ఉపాయం ఉంది, అది వింటే మొదట నమ్మబుద్ధి కాదు. గీత ఎత్తును పూర్తిగా పారేయండి. సగటుకు పైన ఉంటే కూడిక గుర్తు, కింద ఉంటే తీసివేత గుర్తు, అంతే ఉంచుకోండి. రెండు గుర్తుల వరసలను జరుపుతూ ఎన్నిచోట్ల కలిశాయో లెక్కపెట్టండి. హెచ్చవేతే లేదు. ఇంత సమాచారం విసిరేసినా శిఖరం అదే చోట వస్తుంది. యాదృచ్ఛికంగా ఊగే సంకేతాలకు ఈ గుర్తుల పోలిక నుంచి అసలు సహసంబంధాన్ని తిరిగి రాబట్టే సూత్రాన్ని అమెరికన్ శాస్త్రవేత్త వాన్ వ్లెక్ రెండో ప్రపంచయుద్ధ కాలంలోనే కట్టాడు. తర్వాతి దశాబ్దాల్లో కర్మాగారాల గొట్టాల మీద పెట్టిన తొలి సహసంబంధ ప్రవాహమాపకాలు ఈ గుర్తుల లెక్క మీదే నడిచాయి. ఇంగ్లండులో ఎం.ఎస్. బెక్ ఆ పనిలో పేరుపొందాడు.

ఆ మాపకాలకు ఇష్టమైన ఆహారం శుభ్రమైన నీరు కాదు, బురద. ఎంత గరుకుగా ఉంటే అంత గుర్తులు. మన ఏజెన్సీ కొండల మధ్య నుంచే బైలదిల్లా ఇనుప ఖనిజం నీళ్లతో కలిపిన ముద్దగా విశాఖపట్నానికి 267 కిలోమీటర్ల గొట్టంలో ప్రయాణిస్తుంది. అలాంటి ముద్దలో చక్రాలు, రెక్కలు పెట్టి కొలిస్తే అవి అరిగిపోతాయి. గొట్టం బయటినుంచే రెండుచోట్ల చెవి పెట్టి, లోపలి సుడుల సందడిని పోల్చి వేగం చెప్పే మాపకాలు ఇవాళ దొరుకుతున్నాయి. ముట్టుకోకుండా కొలవడం విలువ అక్కడ తెలుస్తుంది.

మళ్లీ పైకి వెళదాం, ఎందుకంటే ఒక నిజాయితీ మాట మిగిలి ఉంది. 300 కిలోమీటర్ల ఎత్తున ఈ పద్ధతి కొలిచేది మామూలు గాలినా? కాదు. కింది పొరల్లో, సుమారు 95 కిలోమీటర్ల లోపు, ఆవేశిత కణాలు చుట్టూ ఉన్న గాలితో కొట్టుకుపోతాయి కాబట్టి అక్కడ కొలిచింది గాలే. 300 కిలోమీటర్ల ఎత్తునున్న ఎఫ్ పొరలో మాత్రం విద్యుత్, అయస్కాంత క్షేత్రాలదే పెత్తనం. అక్కడ కదిలేది ఆవేశిత కణాల ప్రవాహం. అందుకే ఈ రంగంలో గాలి అనకుండా డ్రిఫ్ట్ అనే మాట స్థిరపడింది. అయస్కాంత మధ్యరేఖ పరిసరాల్లో అది పగలు పడమటికి, రాత్రి తూర్పుకు నడుస్తుందని ఇలాంటి కొలతలే చూపించాయి. ఏరియళ్లను మరీ దగ్గరగా పెడితే వేగం తక్కువగా వస్తుందన్న లోపమూ తర్వాత బయటపడింది. కొలిచినదానికి సరైన పేరు పెట్టడం, తమ త్రిభుజాన్నే అనుమానించడం. ఇవీ పనితనంలో భాగమే.

బ్రిగ్స్ 1960లలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు వెళ్లాడు. అక్కడ బక్లండ్ పార్క్‌లో కిలోమీటరు వెడల్పున ఏరియళ్ల తోటే వేశారు. మన దేశంలో తిరునెల్వేలిలో భారతీయ భూఅయస్కాంత సంస్థ 1992 నుంచి నడిపిన 1.98 మెగాహెర్ట్‌జ్ రాడార్ ఇదే పూర్తి సహసంబంధ విశ్లేషణతో 70 నుంచి 98 కిలోమీటర్ల ఎత్తు గాలులను కొలిచింది. తిరుపతి దగ్గర గాదంకిలో 1,024 యాగీ ఏరియళ్లతో 1990లలో నిలబడిన 53 మెగాహెర్ట్‌జ్ రాడార్ ప్రధానంగా డాప్లర్ పద్ధతి మీద నడిచింది, దాని కథ వేరే రాయాలి.

గాలికొండ మీద నేను చేసిన పని ఇవాళ ఇన్సాట్-3డీ వరస ఉపగ్రహాలు చేస్తున్నాయి. అరగంట ఎడంతో తీసిన బొమ్మల్లో మబ్బుల చిన్న చిన్న ముక్కలను పోల్చి, ఏ ముక్క ఎక్కడికి జరిగిందో పట్టి, గాలి బాణాలు గీస్తారు. ఆ బాణాలు వాతావరణ అంచనాల్లోకి వెళతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ తీరం దాటి ఈ కొండల మీదికి ఎక్కి, కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను కూల్చిపోయింది. పైగాలుల లెక్క ఎవరికి కావాలి అని అడిగేవాళ్లకు అరకులో ఏ కాఫీ రైతైనా జవాబు చెబుతాడు.

గెడ్డల విషయంలో మాత్రం ఇంకా చేయవలసింది చాలా ఉంది. వంతెన మీద ఒక కెమెరా పెట్టి, నురగ ముక్కలను వరస బొమ్మల్లో పోల్చి పైపొర వేగం రాబట్టే పద్ధతి జపాన్‌లో ఫుజితా బృందం 1990లలోనే నిలబెట్టింది. వరద గెడ్డలోకి దిగి కొలవడానికి మనిషి వెళ్లలేని వేళలోనే ఆ కొలత అవసరం. పాడేరు, అరకు కాలేజీల్లో భౌతికశాస్త్రం చదివే పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఉండదు. ఒక సెల్‌ఫోన్, రెండు గుర్తు రాళ్లు, ఒక టేపు చాలు. లెక్క 1950 నాటిదే, 21,600 హెచ్చవేతలు ఇప్పుడు రెప్పపాటు పని.

ఒక విన్నపం. వాల్తేరు ప్రయోగశాలల్లో ఆ రోజుల్లో పనిచేసినవాళ్ల ఇళ్లలో పాత ఫిల్ము చుట్టలు, చదివి రాసుకున్న అంకెల నోటుపుస్తకాలు, ఏరియళ్లు నిలబెట్టిన నాటి ఫొటోలు ఉండి ఉంటే, దయచేసి పాతకాగితాలవాడికి వేయకండి. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో, భౌతికశాస్త్ర విభాగానికో చేర్చండి. అచ్చయిన వ్యాసాల్లో ఫలితాలే ఉన్నాయి. ఆ మూడు గీతలను చదివిన చేతిరాత ఆ పుస్తకాల్లోనే ఉంటుంది.